నాలుగు బీట్లలో ఐదు: జాజ్ మనోధర్మం కోసం వయొలిన్‌పై లయ సాధన

కర్ణాటక పద్ధతిలో వర్ణాలు, కొన్ని కృతుల దాకా వయొలిన్ నేర్చుకుని, ఆ తర్వాత జాజ్ వైపు మళ్లిన విద్యార్థులు హనుమకొండ, వరంగల్, కరీంనగర్‌లలో అక్కడక్కడా ఉన్నారు. వారికి స్కేళ్లు వస్తాయి, ఏ కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల కూర్పు) మీద ఏ స్వరం నిలుస్తుందో కూడా కొంత తెలుసు. అయినా బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకుని సొంతంగా వాయించడం మొదలుపెట్టగానే ప్రతి ఫ్రేజూ (స్వరవాక్యం) మొదటి బీటు మీదే లేచి, మళ్లీ మొదటి బీటు మీదే వాలుతుంది. మధ్యలోని స్వరాలు నాలుగేసి చొప్పున వరుస కడతాయి. వినేవారికి రెండు నిమిషాల్లో విసుగు పుడుతుంది. చాలామంది ఈ దశలో కొత్త స్కేళ్ల కోసం వెతుకుతారు గానీ, లోపం స్వరాలలో లేదు, లయలో ఉంది. ఆ లోపాన్ని మూడు, ఐదు, ఏడు లెక్కల సాధనతో ఎలా సరిదిద్దుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో గ్రేడ్ పరీక్షలు రాసినవారికీ ఇదే క్రమం పనికొస్తుంది.

అసాధారణ లయ అనగానే ఐదు బీట్ల పాటలు, ఏడు బీట్ల పాటలు గుర్తుకు రావడం సహజం. డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 1959లో విడుదల చేసిన ‘టైమ్ అవుట్’ ఆల్బమ్ ఇలాంటి లయలకు పేరు పడింది. అయితే అందులోని ‘బ్లూ రోండో ఆ లా టర్క్’ను శ్రద్ధగా వింటే ఒక విషయం తెలుస్తుంది. తొమ్మిది లెక్కను రెండు, రెండు, రెండు, మూడుగా విడగొట్టి అల్లిన ఆ రచనలో, సోలోల వంతు వచ్చేసరికి వాద్యకారులు మామూలు నాలుగు బీట్ల బ్లూస్‌లోకి దిగుతారు. జాజ్‌లో మీరు వాయించబోయే పాటల్లో అత్యధికం నాలుగు బీట్లవే. అందువల్ల ఇక్కడ చెప్పే సాధనలో తాళం నాలుగుగానే ఉంటుంది, దాని మీద నడిచే స్వరాల గుంపు మాత్రం మూడుగానో, ఐదుగానో, ఏడుగానో ఉంటుంది. తాళాన్నే ఐదుకు మార్చడం వేరే విద్య; దాని ప్రస్తావన చివర్లో కొద్దిగా వస్తుంది.

వాద్యాన్ని సిద్ధం చేసుకోవడం

మన పద్ధతిలో నాలుగు తీగలను షడ్జమం, పంచమం, షడ్జమం, పంచమంగా శ్రుతి చేస్తాం. జాజ్ సాధనకు జి, డి, ఏ, ఇ అనే పాశ్చాత్య శ్రుతినే పెట్టుకోండి, ఎందుకంటే ఇక్కడ కార్డ్ మారినప్పుడల్లా ఆధార స్వరం కూడా మారుతుంది గనుక ఒకే షడ్జమానికి కట్టుబడిన శ్రుతి చేతికి అడ్డం పడుతుంది. ఒకే వయొలిన్‌ను ఉదయం ఒక శ్రుతికి, సాయంత్రం మరో శ్రుతికి తిప్పుతూ ఉంటే తీగలు కుదురుకోవు, కాబట్టి పాత వయొలిన్ ఒకటి ఇంట్లో ఉంటే దాన్ని దీనికే కేటాయించండి. కింద కూర్చుని వాయించే అలవాటును మార్చుకోవలసిన పని లేదు. కుడి మోచేయి స్వేచ్ఛగా ఆడితే చాలు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారు ప్రాక్టీస్ మ్యూట్ పెట్టుకోవచ్చు గానీ, వారానికి ఒకటి రెండు సార్లయినా దాన్ని తీసి వాయించాలి, లేకపోతే కమాను ఒత్తిడి ఎంత పడుతోందో చెవికి తెలియదు.

మొదటి మెట్టు: వయొలిన్ లేకుండా నోటితో, చేతితో

తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అనే ఐదు జాతుల లెక్కలు మనకు ముందే ఉన్నాయి. ‘త కి ట’ మూడు, ‘త క ది మి’ నాలుగు, ‘త క త కి ట’ ఐదు, ‘త కి ట త క ది మి’ ఏడు. మృదంగం గానీ పేరిణి గానీ కొంత నేర్చినవారికి ఇవి నోట్లోనే ఉంటాయి. పాశ్చాత్య విద్యార్థి ఐదును అంకెలతో లెక్కపెట్టి అలసిపోయే చోట మన విద్యార్థి ఒక్క జతితో గట్టెక్కుతాడు. ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకోండి.

అయితే తాళం వేసే పద్ధతిని మార్చాలి. ఆదితాళంలో మొదటి దెబ్బకు, లఘువుకు ఉన్న బరువు మన ఒంట్లో జీర్ణించుకుపోయింది. జాజ్‌లో బరువు రెండో బీటు మీద, నాలుగో బీటు మీద ఉంటుంది. కాబట్టి వేళ్లు లెక్కపెట్టడం మానేసి, ఒకటికి చెయ్యి విసరండి, రెండుకు దెబ్బ వేయండి, మూడుకు విసరండి, నాలుగుకు దెబ్బ వేయండి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 40కి పెట్టి, ఆ చప్పుడును రెండో బీటుగా, నాలుగో బీటుగా వినడం అలవాటు చేసుకోండి. అప్పుడు పాట వేగం నిమిషానికి 80 బీట్లవుతుంది. మొదట్లో చెవి మొండికేసి, ఆ చప్పుడునే మొదటి బీటుగా వినాలని చూస్తుంది. ‘ఒకటి’ అని నోటితో పలికి, తర్వాతి చప్పుడును ‘రెండు’ అనుకుంటూ పట్టుదలగా కొన్ని రోజులు సాగిస్తే ఆ మొండితనం పోతుంది.

ఇప్పుడు ఆ చేతి మీద ‘త కి ట’ను బీటుకు రెండు అక్షరాల చొప్పున పలకండి. బార్‌కు, అంటే తాళం ఒక చుట్టుకు, నాలుగు బీట్లు గనుక ఎనిమిది అక్షరాలు పడతాయి. ‘త’ అనే అక్షరం మొదటి బార్‌లో ఒకటి, నాలుగు, ఏడు స్థానాల్లోనూ, రెండో బార్‌లో రెండు, ఐదు, ఎనిమిది స్థానాల్లోనూ, మూడో బార్‌లో మూడు, ఆరు స్థానాల్లోనూ పడి, నాలుగో బార్ మొదట్లో మళ్లీ బీటుతో కలుస్తుంది. మూడు బార్లకు ఇరవై నాలుగు అక్షరాలు, ఎనిమిది గుంపులు. ఐదుకైతే నలభై అక్షరాలకు, అంటే ఐదు బార్లకు ఒకసారి కలయిక వస్తుంది. ఏడుకైతే ఏడు బార్లకు. ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసుకుని చూడండి గానీ, పలికేటప్పుడు కాగితం చూడవద్దు. చెయ్యి తడబడకుండా, నోరు పరుగెత్తకుండా ఐదు బార్ల ఖండం పూర్తయ్యే దాకా వయొలిన్ పెట్టె తెరవనక్కరలేదు.

రెండో మెట్టు: స్వింగ్ నడక

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. జాజ్‌లో బీటుకు రెండు స్వరాలు వేసినప్పుడు ఆ రెండూ సమానంగా ఉండవు. మధ్యస్థ వేగంలో మొదటిది పొడవుగా, రెండోది పొట్టిగా, దాదాపు రెండుకు ఒకటి నిష్పత్తిలో నడుస్తాయి. వేగం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గి సమానానికి దగ్గరవుతుంది. ‘త కి ట’లో మొదటి రెండు అక్షరాలను కలిపి ఒకటిగా పలికి, ‘ట’ను విడిగా పలికితే ఆ పొడవు పొట్టి మీకు దొరుకుతుంది. మన బతుకమ్మ పాటల్లో చాలా వాటికి ఉండే తిశ్ర నడకను గుర్తు తెచ్చుకోండి: చప్పట్ల మధ్య అక్షరాలు దీర్ఘంగా ఒకటి, హ్రస్వంగా ఒకటి ఊగుతూ సాగుతాయి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చప్పట్లు చరిచిన ఒంటికి ఈ ఊపు కొత్తేమీ కాదు. అయితే బతుకమ్మలో చప్పట్లకు ఉన్న చోటు వేరు, జాజ్‌లో రెండుకు, నాలుగుకు ఉన్న బరువు వేరు. ఊపును తీసుకోండి, దెబ్బ స్థానాన్ని తీసుకోవద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. ఐదు స్వరాల గుంపును వరుసగా పలికితే మొదటి గుంపు బీటు మీద మొదలవుతుంది, రెండోది బీటు రెండో సగంలో మొదలవుతుంది, మూడోది మళ్లీ బీటు మీద, ఇలా మారుతూ పోతుంది. అంటే మొదటి గుంపు పొడవు, పొట్టి, పొడవు, పొట్టి, పొడవుగా వస్తే, రెండో గుంపు పొట్టి, పొడవు, పొట్టి, పొడవు, పొట్టిగా రావాలి. స్వింగ్ బీటుకు కట్టుబడి ఉంటుంది, గుంపుకు కాదు. ఈ సంగతి తెలియని విద్యార్థి ప్రతి గుంపునూ పొడవుతోనే మొదలుపెట్టి, రెండు బార్లు దాటకముందే తాళం నుంచి జారిపోతాడు. అందుకే ‘త క త కి ట’ను రెండు రకాలుగా, పొడవుతో మొదలుపెట్టి ఒకసారి, పొట్టితో మొదలుపెట్టి ఒకసారి, విడివిడిగా పలికి, ఆ తర్వాతే రెండింటినీ కలపండి. నా దృష్టిలో ఈ వ్యాసం మొత్తంలో ఎక్కువ సమయం ఇవ్వవలసిన అభ్యాసం ఇదే.

మూడో మెట్టు: ఖాళీ తీగ మీద కమాను

వేళ్ల పని లేకుండా డి తీగను ఒక్కదాన్నే వాయిస్తూ, ఐదింటికి ఒకసారి నొక్కు వేయండి. ఒక్కో స్వరానికి ఒక్కో లాగు. ఐదు బేసి సంఖ్య గనుక మొదటి గుంపు నొక్కు కమానును కిందికి లాగేటప్పుడు పడితే, రెండో గుంపు నొక్కు పైకి తోసేటప్పుడు పడుతుంది. కిందికి లాగే నొక్కు సహజంగా బలంగా ఉంటుంది, ఎందుకంటే చెయ్యి బరువు కమాను మడమ (చేత్తో పట్టుకునే చివర) వైపు ఎక్కువ. పైకి తోసే నొక్కు బలహీనంగా వస్తుంది. మొదటి రోజు రికార్డు చేసి వింటే, గుంపులు ఐదుగా కాక పదిగా వినిపిస్తాయి, కారణం ఇదే.

దీన్ని సరిచేయడానికి కమాను మధ్య భాగానికి కాస్త మడమ వైపుగా ఉండి, రెండు మూడు అంగుళాలకు మించకుండా వాయించండి. నొక్కును మోచేతి బలంతో కాక, చూపుడు వేలు కర్రను ఒక్క క్షణం నొక్కడంతోనూ, ఆ ఒక్క స్వరానికి కమాను వేగం పెంచడంతోనూ సాధించండి. మిగతా నాలుగు స్వరాలు మరీ మెత్తగా, దాదాపు మింగేసినట్టుగా ఉన్నా పరవాలేదు, నిజానికి జాజ్‌కు అదే అందం. మన వాద్య పద్ధతిలో గమకం కోసం పొడవైన లాగులకు అలవాటు పడిన చెయ్యి ఈ కురచ కమానును మొదట్లో అవమానంగా భావిస్తుంది. ఆ చేతిని పట్టించుకోవద్దు.

నాలుగో మెట్టు: రెండు తీగల మీద ఒక ఫ్రేజు

ఇప్పుడు జి సెవెన్ కార్డ్ మీద ఐదు స్వరాలు తీసుకోండి: బి, ఏ, జి, ఎఫ్, డి. ఏ తీగ మీద చూపుడు వేలితో బి, అదే తీగ ఖాళీగా ఏ, డి తీగ మీద ఉంగరపు వేలితో జి, చూపుడు వేలికి ఆనించి పెట్టిన నడిమి వేలితో ఎఫ్, చివరగా ఖాళీ డి తీగ. మొదటి రెండు స్వరాలు ఏ తీగ మీద, తర్వాతి మూడు డి తీగ మీద పడ్డాయి గదా. అంటే ‘త క’ ఒక తీగ మీద, ‘త కి ట’ మరో తీగ మీద. తీగ మారిన చోటే ఖండం విరిగే చోటు గనుక, కుడి మోచేయి స్థాయి మారడమే మీకు లెక్క చెబుతుంది. ఈ కారణం చేతనే ఈ ఫ్రేజును ఎంచాను.

కమానును రెండు పద్ధతుల్లో సాధన చేయాలి. మొదటి పద్ధతిలో బి, ఏ రెండింటినీ ఒకే లాగులో కలిపి, మిగతా మూడింటినీ విడిగా వాయించండి. అప్పుడు గుంపుకు నాలుగు లాగులే గనుక ప్రతి గుంపూ కిందికి లాగడంతోనే మొదలవుతుంది, ఐదు స్పష్టంగా వినిపిస్తుంది. ఇది చేతికి కుదిరాక రెండో పద్ధతికి వెళ్లండి: గుంపును పట్టించుకోకుండా, బీటు రెండో సగంలో ఉన్న పొట్టి స్వరాన్ని తర్వాతి బీటు మీది పొడవు స్వరంతో ఒకే లాగులో కలపండి. మొదటి గుంపులో ఏ, జి కలుస్తాయి, ఎఫ్, డి కలుస్తాయి. రెండో గుంపులో బి, ఏ కలుస్తాయి, జి, ఎఫ్ కలుస్తాయి, చివరి డి స్వరం మూడో గుంపు బి స్వరంతో కలుస్తుంది. జాజ్ వయొలిన్‌కు స్వింగ్ ఊపునిచ్చే లాగు ఇదే. ఐదు అనే లెక్క ఇప్పుడు లాగులో కాక, నొక్కులో మాత్రమే మిగులుతుంది. మొదటి పద్ధతి చెవి కోసం, రెండోది వేదిక కోసం.

ఐదో మెట్టు: పన్నెండు బార్ల బ్లూస్

జి బ్లూస్‌ను, అంటే పన్నెండు బార్లకు ఒకసారి తిరిగే కార్డుల వరుసను, సరళమైన రూపంలో తీసుకుందాం. మొదటి నాలుగు బార్లు జి సెవెన్, ఐదు, ఆరు బార్లు సి సెవెన్, ఏడు, ఎనిమిది మళ్లీ జి సెవెన్, తొమ్మిదోది డి సెవెన్, పదోది సి సెవెన్, చివరి రెండూ జి సెవెన్. సి సెవెన్ వచ్చినప్పుడు మన ఫ్రేజులో రెండు స్వరాలే మారతాయి: బి అరమెట్టు దిగి బి ఫ్లాట్ అవుతుంది, ఎఫ్ అరమెట్టు దిగి ఇ అవుతుంది. చూపుడు వేలు ఏ తీగ మీద కొంచెం వెనక్కి, అంటే వయొలిన్ తల వైపు జరిగి, డి తీగ మీద మాత్రం తన మామూలు చోటే ఉంటుంది. డి సెవెన్ మీద సి, ఏ, జి, ఎఫ్ షార్ప్, డి వాయించండి. ఇక్కడ నడిమి వేలు ఏ తీగ మీద చూపుడు వేలి పక్కన, డి తీగ మీద ఉంగరపు వేలి పక్కన పడుతుంది, కాబట్టి ఆ ఒక్క బార్‌ను విడిగా చాలాసార్లు వాయించవలసి వస్తుంది. ప్రతి కార్డ్‌లోనూ మూడో స్వరం, ఏడో స్వరం ఈ ఫ్రేజులో ఉన్నాయి. కీబోర్డ్ లేకుండా వాయించినా కార్డ్ మారిన సంగతి వినేవారికి తెలుస్తుంది.

ఐదు స్వరాల గుంపును ఆపకుండా మొదటి బార్ నుంచి నడిపిస్తే ఏడో గుంపు నాలుగో బార్ చివర్లో మొదలవుతుంది. దాని మొదటి రెండు స్వరాలు, బి, ఏ, నాలుగో బార్‌లో పడతాయి; తర్వాతి మూడు ఐదో బార్‌లో, అంటే సి సెవెన్ మీద పడతాయి. కాబట్టి ఆ గుంపు బి, ఏ, జి, ఇ, డి కావాలి. సగం జి సెవెన్‌కు, సగం సి సెవెన్‌కు చెందిన ఈ ఒక్క గుంపు దగ్గరే సాధన ఫలితం బయటపడుతుంది. గుంపు పూర్తయ్యాక స్వరం మార్చుకుందామని చూసేవారి ఎఫ్ స్వరం సి సెవెన్ మీద అపస్వరంగా మోగుతుంది. స్వరాలు కార్డ్ మారినప్పుడు మారాలి, గుంపు మారినప్పుడు కాదు. అదృష్టవశాత్తు కార్డ్ మారే క్షణమే తీగ మారే క్షణం కూడా అవుతుంది గనుక, మోచేయి దిగిన చోటే ఐదో బార్ వచ్చిందని గుర్తుపెట్టుకోండి. ఆరో బార్ మొదట్లో గుంపు, బీటు మళ్లీ కలుస్తాయి. పన్నెండు బార్లకు తొంభై ఆరు స్వరాలు. పంతొమ్మిది గుంపులకు తొంభై అయిదు పోను మిగిలిన ఒక్క స్వరం చోట ఊపిరి తీసుకోండి.

మూడు స్వరాల గుంపుకు జి సెవెన్ మీద బి, జి, ఎఫ్, సి సెవెన్ మీద బి ఫ్లాట్, జి, ఇ, డి సెవెన్ మీద సి, ఏ, ఎఫ్ షార్ప్ చాలు. ముప్పై రెండు గుంపులతో బ్లూస్ శేషం లేకుండా పూర్తవుతుంది, నాలుగో, ఏడో, పదో బార్ల మొదట్లో కలయిక వస్తుంది. తేలిక గనుక దీన్ని ముందు చేయాలనిపిస్తుంది గానీ, నేను ఐదునే ముందు నేర్పుతాను; మూడు చెవికి త్వరగా అలవాటై ఒక కొత్త మూసగా మారిపోతుంది.

ఏడుకు అదే ఫ్రేజు ముందు రెండు స్వరాలు చేర్చండి: డి, సి, బి, ఏ, జి, ఎఫ్, డి. ఏ తీగ మీద నాలుగు, డి తీగ మీద మూడు. దీన్ని తిరగేసి కింది నుంచి పైకి వాయిస్తే మూడు, నాలుగుగా మారి మన మిశ్ర చాపు విరుపు వస్తుంది. సి సెవెన్‌కు మార్పులు పైన చెప్పినవే; డి సెవెన్ మీద ఎఫ్‌ను ఎఫ్ షార్ప్ చేస్తే చాలు. పదమూడు గుంపులకు తొంభై ఒకటి పోగా ఐదు స్వరాలు మిగులుతాయి, అక్కడ పాత ఐదు స్వరాల ఫ్రేజును పెట్టి ముగించవచ్చు. పై నుంచి కిందికి వాయించినప్పుడు ఐదో బార్ ఇక్కడ కూడా సరిగ్గా తీగ మారే చోటే వస్తుంది.

ఆరో మెట్టు: లెక్కను వదిలించుకోవడం

ఇంతవరకు చేసినది అభ్యాసం, మనోధర్మం ఇంకా కాదు. పన్నెండు బార్ల నిండా ఐదు వాయిస్తే అది కూడా యంత్రంలాగే ఉంటుంది. కాబట్టి ఇప్పుడు మౌనాన్ని లెక్కలోకి తీసుకురండి. ఐదు స్వరాలు వాయించి రెండు స్థానాలు ఖాళీ వదిలితే ఏడు స్థానాల చక్రం అవుతుంది. ప్రతిసారీ ఫ్రేజు ఒక స్థానం ముందుకు జరిగి వస్తుంది, దానితో పాటు మౌనం కూడా జరుగుతుంది. ఎనిమిదో బార్ మొదట్లో మళ్లీ మొదటి చోటికి చేరతారు. ఖాళీ చోట కమాను తీగ మీదే ఆగి ఉండాలి, గాలిలోకి లేవకూడదు, లేస్తే తిరిగి దిగే సరికి ఆలస్యమవుతుంది.

ఆ తర్వాత ఒక నియమం పెట్టుకుని వాయించండి: పూర్తి పన్నెండు బార్లలో ఒక్క ఫ్రేజు కూడా మొదటి బీటు మీద ముగియకూడదు. కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇది చాలా కష్టం, ఎందుకంటే ఎంత దూరం వెళ్లినా ఎడుపుకు (పాట ఎత్తుకునే చోటుకు) వచ్చి చేరడమే మనకు నేర్పిన మర్యాద. జాజ్ వాద్యకారులు తరచుగా నాలుగో బీటు రెండో సగంలో, తర్వాతి బార్ రాకముందే వాక్యం ముగించి, మొదటి బీటును డ్రమ్మరుకో బేసుకో వదిలేస్తారు. అలా వదిలేయడం చేతకాకపోతే ఐదు, ఏడు ఎన్ని నేర్చినా ఫలితం ముక్తాయిలాగే (మూడుసార్లు తిప్పి ముగించే లెక్కలాగే) వినిపిస్తుంది. ముక్తాయి మీద నాకు కోపం లేదు. చివరి రెండు బార్లలో పదహారు స్థానాలుంటాయి. మొదటిది ఖాళీ వదిలి, ఐదు స్వరాల ఫ్రేజును మూడుసార్లు వాయిస్తే పదిహేను నిండి, తర్వాతి ఆవృత్తి మొదటి బీటు మీద దిగుతారు. ఇది కచేరీకి ఒకసారి చేస్తే సభ మెచ్చుకుంటుంది, మూడుసార్లు చేస్తే తోటి వాద్యకారులు విసుక్కుంటారు.

ఇక నిజంగా సొంతంగా వాయించే వంతు. మొదటి ఆవృత్తిలో లెక్క ఏదీ లేకుండా వాయించండి. రెండో ఆవృత్తిలో ఒక్క చోటునే, ఉదాహరణకు ఏడు, ఎనిమిది బార్లను మాత్రమే ఎంచుకుని అక్కడ ఐదు గుంపులు వాడండి, మిగతా చోట మామూలుగా ఉండండి. స్వరాలను ఇచ్చిన వరుసలోనే వాయించనవసరం లేదు. కార్డ్‌కు చెందిన ఏ ఐదు స్వరాలైనా సరే, నొక్కు మాత్రం ఐదుకు ఒకసారి పడాలి. ఫోన్‌లో రికార్డు చేసి, విన్నప్పుడు స్వరాలను వదిలేసి రెండుకు, నాలుగుకు చప్పట్లు చరుస్తూ వినండి. చప్పట్లు ఎక్కడ తడబడతాయో అక్కడ మీ లయ జారింది.

తోడుగా ఎవరిని పిలవాలి

ఇక్కడ డబుల్ బేస్, డ్రమ్స్‌తో సిద్ధంగా ఉన్న జాజ్ బృందం దొరకడం అరుదు. ఐరియల్ ప్రో లాంటి యాప్‌లో బ్లూస్ కార్డులు రాసి నడిపించుకోవచ్చు, అది రోజువారీ సాధనకు సరిపోతుంది. కానీ మనిషితో వాయించిన అనుభవం వేరు. కాజీపేట, హనుమకొండ చర్చిల్లో గిటార్, కీబోర్డ్ వాయించేవారికి కార్డులు చేతిలోనే ఉంటాయి. పైన చెప్పిన పన్నెండు బార్లు కాగితం మీద రాసిస్తే నిమిషాల్లో పట్టుకుంటారు. లయకు మృదంగం చదువుతున్న విద్యార్థిని గానీ, డప్పు కళాకారుణ్ణి గానీ అడగండి. డప్పు కళాకారుడికి ఒకే మాట చెప్పండి: సిర్రతో రెండుకు, నాలుగుకు మాత్రమే దెబ్బ వేసి, సిటికెన పుల్లతో మెత్తగా నడక నింపమనండి. మృదంగ విద్యార్థికైతే మరో మాట కూడా చెప్పాలి. మీరు ఐదు వాయించగానే ఆయన కూడా ఐదులోకి వచ్చేస్తాడు, అది ఆయనకు నేర్పిన సహకార ధర్మం. ఇక్కడ మాత్రం నాలుగులోనే నిలబడాలని ముందే ఒప్పించండి, ఎందుకంటే ఇద్దరూ ఐదులోకి వెళ్తే ఘర్షణ పోయి, వినేవారికి ఏ విశేషమూ మిగలదు.

వినవలసిన జాజ్ వయొలిన్ వాద్యకారుల విషయానికి వస్తే, స్టెఫాన్ గ్రాపెల్లీ (1908–1997) లాగు ఎంత నున్నగా ఉంటుందో, స్టఫ్ స్మిత్ (1909–1967) లాగు అంత గరుకుగా, నొక్కుల మయంగా ఉంటుంది. నొక్కులు నేర్చుకునే ఈ దశలో ముందుగా స్మిత్‌నే వినమంటాను. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌లతో కలిసి ‘శక్తి’ బృందంలో ఎల్. శంకర్ వాయించిన వయొలిన్ మన లెక్కలు అటు ఎలా వెళ్లాయో చూపిస్తుంది. అయితే అక్కడి లయ స్వింగ్ కాదు, కాబట్టి దాన్ని విని ఈ సాధన చేస్తే స్వింగ్ చెదిరిపోయే ప్రమాదం ఉంది. రెండింటినీ వేర్వేరు పూటల్లో వినండి.

తాళమే ఐదుగా ఉన్న పాటలు వాయించాలనుకుంటే ‘టైమ్ అవుట్’లోనే పాల్ డెస్మండ్ రాసిన ‘టేక్ ఫైవ్’తో మొదలుపెట్టండి. దాని ఐదు బీట్లు మూడు, రెండుగా విరుగుతాయి, మన ఖండ చాపు రెండు, మూడుగా విరుగుతుంది. అలవాటు కొద్దీ ‘త క త కి ట’ పట్టుకుని కూర్చుంటే పియానోతో పొసగదు. ‘త కి ట త క’ అని తిప్పి పలికి, ఆ తర్వాత కమాను ఎత్తండి.

రోజుకు నలభై నిమిషాలు ఈ సాధనకు చాలు: పది నోటితో, పది ఖాళీ తీగ మీద, మిగతా ఇరవై బ్లూస్ మీద. వేగాన్ని 80 నుంచి 120కి తీసుకెళ్లడానికి తొందరపడవద్దు, ఏడో గుంపులోని ఇ స్వరం తనంతట తానే పడే దాకా అదే వేగంలో ఉండండి. నలుగురితో వాయిస్తూ లెక్క తప్పిపోయినప్పుడు ఆగిపోకండి, పోయిన గుంపును వెతుక్కుంటూ వేగం పెంచకండి. ఖాళీ డి తీగను పొడవుగా పట్టుకోండి. అది జి సెవెన్‌కు ఐదో స్వరం, సి సెవెన్‌కు తొమ్మిదో స్వరం, డి సెవెన్‌కు ఆధార స్వరం గనుక పన్నెండు బార్లలో ఎక్కడ ఉన్నా చెల్లుతుంది. గిటార్ వాయించేవారు కార్డ్ మార్చింది విని, మీరు ఏ బార్‌లో ఉన్నారో తేల్చుకుని, అక్కడి నుంచి మళ్లీ ఐదు ఎత్తుకోండి.